నీటి మీద నెలల కాపురం: విహారనౌకలో సుఖమెవరికి? శ్రమ ఎవరికి?

తిరువూరు: కట్టలేరు వరద తప్ప వేరే పెద్ద నీరు ఎరుగని ఈ మెట్ట ప్రాంతం వారికి సముద్రయానం వింతగానే తోస్తుంది. అయితే ఓడ ప్రయాణం తెలుగువారికి కొత్తేమీ కాదు. 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడలో బయలుదేరిన కూలీలు నెల దాటిన తరువాత, నవంబరు 16న, దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగూన్‌కు వేలాదిమంది వెళ్లారు. వారంతా పొట్టకూటి కోసం ఓడ ఎక్కినవారే.

ఇప్పుడు డబ్బు కలవారు కేవలం సరదా కోసం నెలల తరబడి ఓడలో కాపురం చేస్తున్నారు. అదే ఓడలో వారికి వండి వడ్డించేందుకు మన దేశపు యువకులు వేలల్లో వెళుతున్నారు. కనుక ఆ ఓడలో బతుకు ఎలా ఉంటుందో పల్లెల వారూ తెలుసుకోవడం అవసరం.

విశాఖ వరకు వచ్చిన వేడుక

2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ అనే పదకొండు అంతస్తుల విహారనౌక విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు బయలుదేరింది. 2023 జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంకలోని హంబన్‌టోట, ట్రింకోమలీ, కాంకేసంతురై రేవులకు యాత్ర మొదలయింది. అదే ఏడాది సెప్టెంబరులో విశాఖ రేవులో సుమారు 96 కోట్ల రూపాయల ఖర్చుతో కట్టిన విహారనౌకల టెర్మినల్‌ను ప్రారంభించారు.

ఇవన్నీ కొద్ది రోజుల యాత్రలు. భూగోళం చుట్టి వచ్చే యాత్రలకు వంద రోజులకు పైగా పడుతుంది. 1922 నవంబరులో న్యూయార్క్ నుంచి బయలుదేరిన ‘లకోనియా’ ఓడ 130 రోజులలో 22 రేవులు చూసి వచ్చింది. ఇటువంటి యాత్రకు ఈనాడు మనిషికి పది లక్షల రూపాయలు పైమాటే.

ఓడలో దినచర్య

ఓడ ఎక్కిన ప్రయాణీకులకు మొదట చెప్పేది ప్రాణరక్షణ పాఠం. ప్రమాద ఘంట మోగితే ఎక్కడికి చేరాలి, తేలుడు చొక్కా ఎలా తొడుక్కోవాలి అన్నది అందరూ నేర్చుకోవాలి. 2012లో ఇటలీ తీరాన ‘కోస్టా కాంకోర్డియా’ ఓడ బండకు తగిలి ఒరిగి 32 మంది చనిపోయాక, ఓడ కదిలేలోపే గాని కదిలిన వెంటనే గాని ఈ పాఠం చెప్పి తీరాలని నిబంధన వచ్చింది.

మొదటి రెండు మూడు రోజులు కొందరికి తల తిరగడం, వాంతులు తప్పవు. తరువాత అలవాటవుతుంది. చుట్టూ ఉన్న నీరు తాగడానికి పనికిరాదు గనుక ఉప్పు నీటిని ఓడలోనే మంచినీరుగా మారుస్తారు. ఓడ పడమటికి పోతుంటే గడియారాన్ని అప్పుడప్పుడు గంట వెనక్కి, తూర్పుకు పోతుంటే గంట ముందుకు తిప్పుకోవాలి. పసిఫిక్ మధ్య దినరేఖ దాటేటప్పుడు పంచాంగంలో ఒక తేదీ మాయమవుతుంది, లేదా ఒకే తేదీ రెండుసార్లు వస్తుంది!

విదేశీ రేవులో ఓడ సాధారణంగా పొద్దున ఆగి సాయంత్రానికి కదులుతుంది. ఊరు చూసి వేళకు తిరిగి రాకపోతే ఓడ ఆగదు. తరువాతి రేవుకు సొంత ఖర్చుతో చేరుకోవలసిందే. రేవులకన్నా వింత పనామా కాలువ. 1914లో తెరచిన ఈ కాలువలో అంత పెద్ద ఓడనూ లాకుల ద్వారా 26 మీటర్ల ఎత్తుకు ఎక్కించి మళ్లీ దించుతారు. బెజవాడ లాకులలో పడవలు దాటడం చూసిన పెద్దలకు ఈ కిటుకు చెప్పనక్కరలేదు.

కింది అంతస్తుల కథ వేరు

ప్రయాణీకులకు సముద్రం కనిపించే గదులు. పనివారిలో చాలామందికి కింది అంతస్తులలో, కిటికీ లేని ఇరుకు గదిలో ఇద్దరేసి కాపురం. వంటశాలలో గాని, గదులు ఊడ్చే పనిలో గాని చేరితే ఆరు నుంచి తొమ్మిది నెలలు ఇంటి ముఖం చూడరు. ఆదివారమైనా పూర్తి సెలవుండదు. అంతర్జాతీయ నావికుల ఒడంబడిక ప్రకారం 24 గంటలలో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఈ ఒడంబడికను మన దేశం 2015లో ఆమోదించింది.

2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా రేవులో కరోనా కారణంగా ‘డైమండ్ ప్రిన్సెస్’ ఓడను ఆపివేశారు. అందులో 138 మంది భారతీయులుంటే, వారిలో 132 మంది పనివారే. ప్రయాణీకులు గదులలో తలుపులు వేసుకుని ఉండగా, వారికి భోజనం అందించినది ఈ పనివారే. ఓడలోని వారిలో 700 మందికి పైగా జబ్బు సోకింది.

దళారులతో జాగ్రత్త

ఇంత కష్టమున్నా తిండి, బస ఓడలోనే గనుక జీతంలో చాలా భాగం ఇంటికి పంపవచ్చు. ఆ ఆశ మీదనే మోసం సాగుతుంది. ఓడలో ఉద్యోగం ఇప్పిస్తామంటూ లక్షలు అడిగేవారిని నమ్మరాదు. పైన చెప్పిన ఒడంబడిక ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి వద్ద రుసుము తీసుకొనరాదు. వైద్య పరీక్ష, పాస్‌పోర్టు, నావికుల గుర్తింపు పుస్తకమైన సి.డి.సి. ఖర్చులు మాత్రం అభ్యర్థివే.

మనుషులను ఓడలకు పంపే సంస్థకు బొంబాయిలోని నౌకాయాన డైరెక్టర్ జనరల్ కార్యాలయం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఆ సంస్థల జాబితా, గుర్తింపు పొందిన శిక్షణ సంస్థల జాబితా ఆ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. నిప్పు ఆర్పడం, నీటిలో ప్రాణం నిలుపుకోవడం, ప్రథమ చికిత్స వంటి ప్రాథమిక శిక్షణ గుర్తింపు ఉన్న చోటనే పొందాలి. జీతం, పని గంటలు, గడువు, తిరుగు ప్రయాణపు ఖర్చు ఎవరిదో రాసి ఉన్న ఒప్పందం చేతికి రానిదే ఇల్లు కదలరాదు.

చదవడం రాకపోతే చదివిన వారిచేత చదివించుకోవాలి. పొలం తాకట్టు పెట్టి దళారి చేతిలో డబ్బు పోసే ముందు, తల్లిదండ్రులు ఆ లైసెన్సు నంబరు అడిగి సరిచూసుకోవడం మంచిది.