తల్లికి చేయు దానము



అన్నదానము, వస్త్రదానము చేయుట మనకు పెద్దలు నేర్పిన ధర్మము. ప్రసవవేళ తల్లికిని బిడ్డకును చేయు వైద్యదానమును గూర్చి మాత్రము మనము ముచ్చటించుకొనుట తక్కువ. సాత్త్వికదానమునకు దేశము, కాలము, పాత్రము చూడవలెనని గీతయందున్నది. ఆ మూటిని ఈ దానమునకు అన్వయించి చూతము.

ముందుగా పాత్రము. 1883లో అమెరికానుండి గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు, పురుషవైద్యుని యెదుటికి రాజాలని స్త్రీల బాధ కనుగొని, తానే వారికి చికిత్స చేయుచు 1898లో ఆసుపత్రిని నెలకొల్పినది. మన హైదరాబాదున నిజాముగారి కోడలు నీలోఫరు రాకుమారి యొద్దనుండిన పరిచారిక 1949లో ప్రసవవేళ మరణించెను. ఆ దుఃఖమునుండి పుట్టినదే 1953లో తెరువబడిన నీలోఫరు ఆసుపత్రి. రాకుమారికి సంతానము లేదు. నేటికిని పేదతల్లులు బిడ్డల నెత్తుకొని ఆమె పేరిటి గుమ్మమునకే పోవుచున్నారు.

ఇక దేశము. ఆస్ట్రేలియా వైద్యురాలు కాథరిన్ హామ్లిన్ భర్తతోగూడ 1959లో ఇథియోపియాకు వెళ్లినది. అచట దినములతరబడి కాన్పు కాక, బిడ్డ చనిపోయి, మూత్రాశయమునకు రంధ్రము పడి, నిరంతరము తడియుచు, ఇంటివారిచే వెలివేయబడిన యువతులను చూచినది. వారికై 1974లో అడిస్ అబాబాలో ఉచిత వైద్యాలయము స్థాపించిరి. కాని గాయమును కుట్టుటకంటె గాయము కాకుండ చూచుట మేలుగదా! అందుచే 2007లో మంత్రసానుల కళాశాల తెరచి, పల్లెపిల్లలకు శిక్షణమిచ్చి తిరిగి పల్లెలకే పంపసాగిరి. 2020లో మరణించువరకు ఆమె ఆ దేశమును విడువలేదు. రోగి దానమును వెదకికొని పోవుటకంటె దానమే రోగి గుమ్మమునకు పోవుట ఉత్తమమని ఈ కథ తెలుపుచున్నది.

మిగిలినది కాలము. సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అను విదుషీమణులు 1994లో, తల్లుల మరణమునకు మూడు జాగులు కారణమని వివరించిరి. వైద్యమునకు పోవలెనని నిశ్చయించుటలో జాగు మొదటిది. దారిలో జాగు రెండవది. ఆసుపత్రిలో చికిత్స అందుటలో జాగు మూడవది. కడపటి రెండును ప్రభుత్వమును, దాతలును తీర్చవలసినవి. మొదటిది మన వంటయింటిలోనే యున్నది. మగవారు రానిండు, తెల్లవారనిండు అనుచు కూర్చుండుట యేల? కాన్పు పిదప కలుగు రక్తస్రావము రెండు గంటలలోనే ప్రాణము తీయగలదు.

మా బాటసింగారమునే చూడుడు. 2022లో గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు ఇచటికి తరలివచ్చినది. అది వదలిన చోట పెద్ద ఆసుపత్రికి ఆ యేటి ఏప్రిలులోనే శంకుస్థాపన జరిగినది. పండ్లు నగరమునుండి మా యూరికి వచ్చినవి. వైద్యము నగరముననే నిలిచినది. పండ్లు ఏరి, పెట్టెల కెత్తు కూలిస్త్రీలలో నిండుచూలాలుండిన, ఆమెకు పుట్టిల్లు దూరము, దినకూలి పోవునను భయము దగ్గర. అట్టి యామెకు ధర్మాసుపత్రి ఉన్నను, పొమ్మని చెప్పువారు లేనిచో లేనట్లే.

కావున మనము చేయదగిన దానము చిన్నది. ఇరుగుపొరుగున చూలాలున్నచో, ఆమెకు నెలలెన్నియో తెలిసికొని యుండుడు. రక్తస్రావము, మూర్ఛ, కన్నులు మసకలు క్రమ్మి వదలని తలనొప్పి, ముఖమును చేతులును వాచుట, జ్వరము, కడుపులో బిడ్డ కదలిక తగ్గుట — వీనిలో ఏ యొక్కటి కనబడినను ఎవరి యనుమతికిని ఎదురుచూడక 108కి ఫోను చేయుడు. 2005లో తెలుగునాట మొదలైన ఈ వాహనము ఉచితముగా వచ్చును. తోడుగా ఒకరు బండి యెక్కుడు. ఆమె ఇంటనున్న పసిబిడ్డలకు మరియొకరు అన్నము పెట్టుడు.

రాకుమారివలె ఆసుపత్రి కట్టించుట మనకు శక్యము గాదు. తోడు వెళ్లుట శక్యమే.