విహారయాత్రలు – విద్యార్థి సంఘముల బాధ్యత

విద్యార్థి సంఘములు విహారయాత్రలు సాగించుట మేలే. కాని ముందుచూపు లేని యుత్సాహము ప్రాణాపాయమగును. 2014 జూన్ 8వ తేదీన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు కొందఱు హిమాచల్ ప్రదేశమున బియాస్ నదిలో దిగి ఛాయాచిత్రములు తీసికొనుచుండగా, ఎగువ లార్జీ ఆనకట్టనుండి నీరు విడువబడెను. వెల్లువ 24 మంది విద్యార్థులను బలిగొనెను. 2016లో అచటి హైకోర్టు విద్యుత్ బోర్డుతోపాటు కళాశాలను, ప్రభుత్వమును గూడ బాధ్యులను జేసెను.

మన చిల్కానగరునకు చేరువనున్న మూసీకిని ఎగువ జంట జలాశయములు గలవు. అచట తలుపులెత్తిన, ఇచట వాన లేకున్నను నీరు పెరుగును. కావున మేము కోరునది యిది: యాత్రకు మునుపే స్థలము నెఱిగినవారిని విచారింపవలెను, ఉపాధ్యాయు లొకరు వెంట నుండవలెను, పేర్లపట్టీతో తఱచు లెక్క చూడవలెను. నీటిలో దిగవలదన్న చెలికానిని పిఱికివాడని యెగతాళి చేయరాదు.