విద్యుత్తు: పౌరుని పర్యవేక్షణ

దీపము వెలిగించుట అందరికిని తెలియును. దాని వెల నిర్ణయించునది ఎవరో కొందరికే తెలియును. కేరళలోని త్రిశ్శూరు పాత పట్టణ పరిధిలో నగరపాలక సంస్థయే విద్యుత్తు పంపిణీ చేయుచున్నది. అచ్చట లోపము కలిగినచో పౌరుడు తానెన్నుకొన్న సభ్యునే నిలదీయవచ్చును.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో స్థితి వేరు. వీధిదీపముల బాధ్యత పురపాలకులదే అయినను, వాటికి కరెంటు నిచ్చునది తిరుపతి కేంద్రముగా గల ప్రభుత్వ పంపిణీ సంస్థ. పురపాలకులును మనవలె బిల్లు చెల్లించు వినియోగదారులే.

మరి ఆ సంస్థను ప్రశ్నించునదెవరు? 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు, 1998 నాటి సంస్కరణల చట్టము ననుసరించి 1999లో విభజింపబడినది. ధరల నిర్ణయము నియంత్రణ మండలికి సంక్రమించినది. 2003 నాటి కేంద్ర చట్టము ప్రకారము, ప్రజల సూచనలు, అభ్యంతరములు పరిశీలించిన పిదపనే మండలి ధరలు నిర్ణయింపవలెను. ఫిర్యాదులకు పరిష్కార వేదికయు, దానిపైన అంబుడ్స్‌మనును కలరు.

ఊరి ఓటు చేరని చోట అభ్యంతర పత్రమే మన ఓటు. బిల్లు వచ్చిన పిదప గొణుగుకొనుటకంటె, విచారణకు ముందే ఒక పుట వ్రాయుట మేలు. అక్షరము రాని ఇరుగుపొరుగువారి పక్షమున విద్యార్థులు ఆ పుట వ్రాసినచో, చదువుకు అంతకన్న సార్థకత యేమి?