స్కూల్‌పై సోలార్ ఉన్నా.. కరెంట్ పోతే ఫ్యాన్ ఎందుకు ఆగుతుంది?

నెల్లూరు జిల్లా ఆత్మకూరులో ఎండకు కొదవే లేదు. అలాంటి చోట స్కూల్ డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెడితే ఇక పవర్ కట్ బాధ ఉండదనుకుంటాం. కానీ మిట్టమధ్యాహ్నం కరెంట్ పోయిందంటే క్లాసులో ఫ్యాన్లూ ఆగిపోవచ్చు! ప్యానెల్ పాడైందని కాదు. బ్యాటరీ లేని ఆన్-గ్రిడ్ సిస్టమ్‌లో ఇన్వర్టర్ గ్రిడ్ సప్లై ఉంటేనే నడుస్తుంది. లైన్‌లో కరెంట్ పోగానే అదీ ఆగిపోవాలి. లేదంటే రిపేర్ కోసం స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్‌కి మన డాబా మీది కరెంటే షాక్ కొట్టొచ్చు. ఈ రక్షణ పేరే యాంటీ-ఐలాండింగ్.

1 కిలోవాట్‌కి రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. వేసవి సెలవుల్లో మిగిలినవి నెట్ మీటర్ ద్వారా గ్రిడ్‌కి పోతాయి. కట్‌లోనూ ఫ్యాన్ తిరగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉండాలి. ఖర్చు ఎక్కువే, కానీ కనీసం కంప్యూటర్ ల్యాబ్ వరకైనా పెట్టించుకోవచ్చు.