ఓడ పట్టీలలో పూర్వీకులు

తండ్రి పేరు మనకు తెలుసు. తాత పేరు తెలుసు. ముత్తాత పేరు చెప్పమంటే కొందరు తడుముకుంటారు. ముత్తాత తల్లి పేరు, ఆమె పుట్టిన ఊరు చెప్పమంటే దాదాపు అందరమూ మౌనంగా ఉండిపోతాము. మూడు తరాలు దాటేసరికి మనుషుల పేర్లు ఇంటి జ్ఞాపకంలో నుండి జారిపోతాయి.

ఈ పేర్లను కాపాడడానికి పూర్వం మన సమాజంలో కొన్ని ఏర్పాట్లు ఉండేవి. వంశరాజులనే గాయకులు ఊరూరా తిరుగుతూ రైతు కుటుంబాల గోత్రాలను, వంశక్రమాన్ని కంఠస్థంగా చెప్పేవారు. కాశీ, గయ, హరిద్వారం వంటి క్షేత్రాలలోని పండాలు తమ వద్దకు వచ్చిన యాత్రికుల పేర్లను, వారి తండ్రి తాతల పేర్లను పుస్తకాలలో రాసి ఉంచేవారు. అయితే ఊరు విడిచి, సముద్రం దాటి, తిరిగి రానివారి మాట ఏమిటి? వారి మునిమనుమలు తమ మూలాలను ఎలా తెలుసుకుంటారు? అటువంటివారికి పాత ప్రభుత్వ కాగితాలే ఆధారం. ఆ కాగితాల సంగతి ఈ పాఠంలో తెలుసుకుందాం.

జనాభా లెక్కలలో వంశకథ

1845లో ఐర్లండు దేశంలో బంగాళదుంప పంటకు తెగులు సోకింది. ఆ దుంపే అక్కడి పేదలకు ముఖ్యమైన ఆహారం. కొన్నేళ్లపాటు సాగిన ఆ కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు. మరో పది లక్షలమందికి పైగా దేశం విడిచిపోయారు. వారిలో చాలామంది అమెరికా చేరుకున్నారు.

అమెరికాలో 1790 నుండి పదేళ్లకొకసారి జనాభా లెక్కలు తీస్తున్నారు. మొదట ఇంటి పెద్ద పేరు మాత్రమే రాసేవారు. 1850 నుండి ఇంట్లోని ప్రతి ఒక్కరి పేరు, వయస్సు, పుట్టిన చోటు రాయసాగారు. అప్పటి బానిసల పేర్లను మాత్రం రాయలేదు. వారిని వయస్సు, స్త్రీ పురుష భేదం చూపి లెక్కించి వదిలారు. ఈ కాగితాలను 72 ఏళ్లు గడిచిన తరువాత ప్రజలు చూడవచ్చు. అందువల్ల ఐర్లండు నుండి వచ్చినవారి సంతతి ఈ లెక్కలను పట్టుకొని ఒక్కొక్క తరమే వెనక్కు నడవగలుగుతున్నారు. కాని పుట్టిన చోటు దగ్గర సాధారణంగా 'ఐర్లండు' అని మాత్రమే ఉంటుంది. ఏ ఊరో ఉండదు. ఐర్లండులో వెదుకుదామంటే అక్కడి పాత లెక్కలలో చాలా భాగం 1922లో డబ్లిన్ నగరంలోని దస్తావేజుల భవనం తగలబడినప్పుడు బూడిద అయింది. 1901, 1911 సంవత్సరాల లెక్కలు మాత్రం పూర్తిగా మిగిలాయి.

మన దేశంలో 1881 నుండి పదేళ్లకొకసారి జనాభా లెక్కలు తీసే పద్ధతి స్థిరపడింది. అయితే మొత్తాలు కూడిన తరువాత మనుషుల పేర్లున్న కాగితాలను భద్రపరచలేదు. 1948 నాటి జనాభా లెక్కల చట్టం ప్రకారం ఒక్కొక్కరి వివరాలు రహస్యంగా ఉంచాలి. అందుచేత మన పాత లెక్కలు ఒక జిల్లాలో తెలుగు మాట్లాడేవారు ఎందరో చెప్పగలవు గాని, వారు ఎవరో చెప్పలేవు.

ఓడ ఎక్కిన తెలుగువారు

మరి సముద్రం దాటిన తెలుగువారి పేర్లు ఎక్కడ దొరుకుతాయి? బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం 1833లో వచ్చింది. చెరకు తోటల యజమానులకు పనివారు కరువయ్యారు. వారి చూపు మన దేశం మీద పడింది. ఇక్కడ కరువులు, అప్పులు, పని లేమి ఉన్నాయి. అయిదేళ్లు తోటలో పనిచేస్తామని ఒప్పందం రాయించుకొని కూలీలను ఓడలలో తీసుకొనిపోయారు. 'అగ్రిమెంటు' అనే మాట వారి నోట 'గిర్మిట్' అయింది. ఫిజీ వంటి చోట్ల వారికి 'గిర్మిటియాలు' అనే పేరు వచ్చింది.

1834లో మారిషస్ దీవితో ఈ వలస ఊపందుకుంది. తరువాతి కాలంలో సుమారు నాలుగున్నర లక్షలమంది ఆ దీవిలో దిగారు. వారు మొదట అడుగుపెట్టిన పోర్ట్ లూయీ రేవులోని ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా మారిషస్‌లోనూ, బర్మాలోనూ తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచేవారు.

1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాల్ తీరానికి, అనగా నేటి డర్బనుకు చేరింది. అది మద్రాసు నుండి బయలుదేరిన ఓడ. అందులో 342 మంది ఉన్నారు. నేటాల్‌కు వచ్చిన మొదటి ఒప్పంద కూలీలు వీరే. 1911లో ఈ పద్ధతి ఆగిపోయేనాటికి అక్కడికి 1,52,184 మంది చేరారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవు నుండి వెళ్ళినవారే. తెలుగువారు, తమిళులు కలిసి ఉండేవారు. ఫిజీ దీవులకు 1879 నుండి కలకత్తా ఓడలు వెళ్లగా, 1903 నుండి మద్రాసు ఓడలు కూడా వెళ్లాయి.

పట్టీలో ఏముంది?

మీ తరగతిలోని హాజరు పట్టీ వంటిదే ఓడ పట్టీ కూడా. ఓడ ఎక్కిన ప్రతి ఒక్కరికీ అందులో ఒక వరుస ఉండేది. ముందుగా ఒక సంఖ్య; ఆ తరువాత పేరు, తండ్రి పేరు, వయస్సు, స్త్రీయా పురుషుడా అన్నది, కులం, జిల్లా, తాలూకా లేదా ఠాణా, ఊరు; చివరకు ఎత్తు, ఒంటిమీది గుర్తులు. ఎడమ చెంపపై మచ్చ, మోకాలిపై గాయపు గుర్తు, ముంజేతిపై పచ్చబొట్టు వంటివి ఆ గడిలో రాసేవారు. ఫిజీకి వెళ్ళినవారికి ఇవే వివరాలతో ఒక్కొక్కరికి విడిగా అనుమతి పత్రం ఉండేది. మారిషస్‌లో 1860 తరువాతి దశాబ్దాలలో ఫోటోలు కూడా తీశారు.

ఇంత వివరంగా ఎందుకు రాశారు? ఒప్పందం ముగియకముందే తోట విడిచి వెళ్లడం ఆనాడు నేరం. పారిపోయినవారిని పట్టుకోవడానికి ఈ గుర్తులు పనికివచ్చేవి. ఆ సంఖ్య కూలీని జీవితాంతం వెంటాడేది. జీతం చీటీలోనూ, ఆసుపత్రిలోనూ, కోర్టులోనూ మనిషి పేరుకంటె అంకెకే విలువ ఉండేది.

ఐర్లండు నుండి అమెరికా వెళ్ళినవారు స్వేచ్ఛగా వెళ్లారు. వారి ఊరు ఏదో అడిగినవారు తక్కువ. కట్టుబడి వెళ్ళిన కూలీకి మాత్రం ఊరితో సహా అన్నీ రాసిపెట్టారు. మనిషిని కట్టివేయడానికి రాసిన ఆ వరుసే నేడు అతని మునిమనుమలకు ఊరి దారి చూపుతున్నది. ఫోటో లేనివారికి ఆ మచ్చ, ఆ ఎత్తు, ఆ పచ్చబొట్టే వారి ముత్తాత రూపం.

మరొక విశేషం గమనించాలి. మన ఇళ్లలో రాసుకున్న వంశవృక్షాలలో సాధారణంగా కొడుకుల పేర్లే ఉంటాయి. ఓడ పట్టీలో ప్రతి స్త్రీకీ తన పేరుతో, తన ఊరితో ఒక వరుస ఉంది. ఊరిలో ఎవరూ రాయని పేర్లు అక్కడ నిలిచాయి.

వెదికే పద్ధతి

డర్బనులోని ఒక కుటుంబం తమ ముత్తవ్వ ఊరును వెదుకుతున్నదని అనుకుందాం. మొదటి మెట్టు ఇంట్లోని పెద్దలు. వారు చెప్పిన పేర్లు, పండుగలు, పాత ఊరి మాటలు రాసుకోవాలి. రెండవ మెట్టు జనన, వివాహ, మరణ పత్రాలు. వాటిలో ఏదో ఒకదానిమీద ఆమె సంఖ్య దొరకవచ్చు. మూడవ మెట్టు ఓడ పట్టీ. నేటాల్ పట్టీలు డర్బనులోని ప్రభుత్వ దస్తావేజుల భవనంలోనూ, మారిషస్ పుస్తకాలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలోనూ, ఫిజీ పత్రాలు సువాలోని జాతీయ భాండాగారంలోనూ భద్రంగా ఉన్నాయి. సంఖ్య తెలిస్తే వరుస దొరుకుతుంది. నాలుగవ మెట్టు ఆ వరుసలోని ఊరిని నేటి పటంలో గుర్తించడం.

ఇక్కడ రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది పేర్ల చిక్కు. గుమాస్తాలు చెవికి వినిపించినట్లు ఇంగ్లీషులో రాసేవారు. ఒకే వెంకటస్వామి ఒకచోట వెంకటసామి, మరొకచోట వెంగటసామి, ఇంకొకచోట వెంకటాసమీ అవుతాడు. పైగా మన ఇంటిపేరును వారు అడగలేదు. అందుచేత తండ్రి పేరో, కులం పేరో ఆ దేశాలలో ఇంటిపేరుగా స్థిరపడింది. దక్షిణాఫ్రికాలో నాయుడు, రెడ్డి అనేవి ఇంటిపేర్లు. అసలు ఇంటిపేరు ఓడ ఎక్కకముందే ఒడ్డున మిగిలిపోయింది.

రెండవది ఊళ్ల చిక్కు. చికాకోల్ అంటే శ్రీకాకుళం, కోకనాడ అంటే కాకినాడ, బెజవాడ అంటే విజయవాడ. జిల్లాలు కూడా మారాయి. చిత్తూరు 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 'ఉత్తర ఆర్కాటు' అనే మాట చూసి నేటి తమిళనాడులో మాత్రమే వెదికితే చిత్తూరు పల్లె దొరకదు. శ్రీకాకుళం 1936 వరకు గంజాం జిల్లాలో ఉండి, 1950లో తానే ఒక జిల్లా అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మళ్లీ విడిపోయాయి. కాబట్టి పట్టీతోపాటు ఆ కాలపు జిల్లా పటం కూడా చేతిలో ఉండాలి.

పట్టీ లేని ప్రయాణాలు

సముద్రం దాటిన తెలుగువారందరికీ ఇటువంటి పట్టీలు లేవు. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాలవారు వేలాదిగా మేస్త్రీల వెంట రంగూన్ వెళ్లారు. ఒప్పంద పత్రం లేదు కనుక వారికి ఊరి పేరు రాసిన వరుస కూడా లేదు. 1942లో జపాను సైన్యం బర్మాను ఆక్రమించినప్పుడు లక్షలాది భారతీయులు, చాలామంది కాలినడకన, తిరిగి వచ్చారు. దారిలో చనిపోయినవారి పేర్లు ఇళ్లలోని పెద్దలు చెబితేనే తెలుస్తాయి.

మన కర్తవ్యం

మన కృష్ణరాజపురం మీదుగా వెళ్లే పాత మద్రాసు రోడ్డు హొసకోట, కోలారు, ముళబాగిలు దాటి చిత్తూరు వైపు సాగుతుంది. 1864లో బెంగళూరు దండును జోలార్‌పేటతో కలిపిన రైలుమార్గం కూడా ఇటుగానే పోతుంది. ఈ దారుల వెంట పనికోసం వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారికి సముద్రం అడ్డు రాలేదు, ఓడ ఎక్కే అవసరం కలగలేదు. అందువల్లనే వారి రాకను ఎవరూ పట్టీలో రాయలేదు. మునిమనుమలు తమ ఊరు ఏదో వెదకవలసి వస్తే వారికి ఒక కాగితం అయినా దొరకాలి కదా!

ఆ కాగితం రాయవలసినవారు మీరే. ఒక నోటు పుస్తకం తీసుకోండి. తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మల దగ్గర కూర్చోండి. వారి పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఇంటిపేరు, పుట్టిన ఊరు, ఆ ఊరి తాలూకా, ఇక్కడికి వచ్చిన సంవత్సరం, వచ్చిన కారణం రాయండి. ఆడవారి పేర్లు మరువకండి. రాసిన తేదీ కింద వేయండి. ఇతరులు తమ అవసరం కోసం రాసిన వరుసలోనే ఒక వంశం తన ఊరిని కనుగొనగలిగితే, సొంత మనుమలు ప్రేమతో రాసిన పుట ఇంకెంత విలువైనదో ఆలోచించండి.

అభ్యాసం

1. మన పాత జనాభా లెక్కలలో పూర్వీకుల పేర్లు ఎందుకు దొరకవు?
2. ఓడ పట్టీలో ఏయే వివరాలు ఉండేవి? వాటిని ఎందుకు రాశారు?
3. 'అసలు ఇంటిపేరు ఒడ్డున మిగిలిపోయింది' అనే మాటను వివరించండి.
4. మీ కుటుంబంలోని నాలుగు తరాలవారి పేర్లతో ఒక వంశవృక్షం గీయండి.