మత్తుమందును గూర్చిన హైదరాబాదు పరీక్షలు

సిద్దిపేట జిల్లా చింతమడకలో మా పెద్దమ్మ యున్నది. ఆమె పిత్తాశయమున రాళ్లు చేరినవనియు, శస్త్రచికిత్స చేయవలెననియు వైద్యులు చెప్పిరి. కోతను గూర్చి యామెకు దిగులు లేదు. దిగులంతయు మత్తును గూర్చియే. “మత్తిస్తే మల్ల లేస్తనా బిడ్డా?” అని నన్నడిగినది. అరుగుమీద కూర్చున్నవారు తలకొక మాట చెప్పిరి. ఒకామె తన మరదలు రెండుమారులు మత్తు పుచ్చుకొని సుఖముగా నున్నదనెను. మఱియొకామె, ఏ యూరనో యొకతె లేవనేలేదని వింటిననెను. ఒక పిల్లవాడు చేతిఫోనులో వచ్చిన సమాచారమును చదివి వినిపించెను. అందఱును నిజమే పలికియుండవచ్చును. అయినను పెద్దమ్మ దేనిని నమ్మవలెను?

సోదరీమణులారా, ఈ ప్రశ్న క్రొత్తది కాదు. నూటముప్పదియేండ్లకు పూర్వమే, మన హైదరాబాదు నగరమున, ఇట్టి ప్రశ్నకే సమాధానము వెదకుచు గొప్ప పరీక్షలు జరిగినవి.

1847వ సంవత్సరమున ఎడింబరోలో సింప్సను అను ప్రసవవైద్యుడు క్లోరోఫారమును వాడుకలోనికి దెచ్చెను. స్త్రీల ప్రసవవేదనకు ఉపశమనము దొరకెనని లోకము సంతోషించెను. కాని కొలది మాసములకే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హన్నా గ్రీనరు అను పదునైదేండ్ల బాలిక, కాలిగోరు తీయుటకై క్లోరోఫారము పీల్చి, నిమిషములలో ప్రాణము విడిచెను. గోటికొఱకు ప్రాణము! అప్పటినుండియు వైద్యులలో రెండు పక్షములేర్పడెను. గుండె ముందుగా ఆగునని ఒక పక్షము. శ్వాస ముందుగా ఆగునని రెండవ పక్షము. ఇది వట్టి పండితవివాదము కాదు. మత్తిచ్చువాడు రోగి నాడిని పట్టుకొని కూర్చుండవలెనా, ఊపిరిని కనిపెట్టుచుండవలెనా అనునది దీనిమీదనే యాధారపడియుండెను.

హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడైన ఎడ్వర్డు లారీ శ్వాసపక్షమువాడు. ఎడింబరోలో తన గురువు నేర్పిన దదియే. 1888లో ఆయన యాధిపత్యమున కుక్కలమీద పరీక్షలు జరిగెను. శ్వాసయే ముందాగునని తేలెను. లండనులోని లాన్సెట్టు అను వైద్యపత్రిక దానిని నమ్మలేదు. అంతట ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను వేయి పౌనుల ధనమొసంగి, మీరే యొక పండితుని బంపి పరీక్షింపుడని కోరెను. 1889లో లాడరు బ్రంటను వచ్చెను. ఆయన అంతకుముందు గుండెపక్షమువాడు. నాలుగువందలకు పైబడిన జంతువులమీద పరీక్షలు చేసిన పిమ్మట, తన యభిప్రాయమును మార్చుకొని, ఆ సంగతిని లండనుకు తంతివార్తగా నంపెను. ప్రతికక్షి యొప్పుకొనుటకంటె గొప్ప సాక్ష్యమేమి కావలెనని లారీ పక్షమువారు పొంగిపోయిరి.

ఆ కాలముననే హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివి 1889లో పట్టము పొందిన రూపాబాయి ఫర్దూన్జీని మన స్త్రీలు మఱవరాదు. ఈ పార్శీ వనిత లారీకి శిష్యురాలు. రోగులకు క్లోరోఫారమిచ్చుటయే ముఖ్యవృత్తిగా జేసికొనెను. ప్రపంచమున మత్తువైద్యము చేసిన మొదటి స్త్రీలలో నామె యొకతె యని చరిత్రకారులు చెప్పుదురు.

ఇంత ధనము, ఇన్ని పరీక్షలు, ఇందఱు పండితులు. అయినను ఆ తీర్పు తప్పెను. 1911లో గుడ్‌మన్ లెవీ అను ఇంగ్లీషు వైద్యుడు పిల్లులమీద పరీక్షించి, క్లోరోఫారము కొద్దిగా మాత్రమే ఎక్కియున్నప్పుడు, దేహములో ఉద్రేకమువలన పుట్టు అడ్రినలిను కలిసినచో, గుండె లయ తప్పి యొక్కసారిగా నిలిచిపోవచ్చునని చూపెను. హన్నా గ్రీనరు వంటివారు మత్తు తొలిదశలో, భయముతో నున్నప్పుడు పోయినవారు. హైదరాబాదులో కుక్కలకు ముఖ్యముగా మితిమీఱిన మత్తిచ్చి చూచిరి. మితిమీఱినచో శ్వాసయే ముందాగును, అది నిజము. కాని అడుగవలసిన ప్రశ్న యది కాదు. పరీక్షలు నాలుగువందలైనను నాలుగువేలైనను, ప్రశ్న వేఱైనప్పుడు జవాబును వేఱే యగును. దానికి తోడు లారీ ఏమి తేలవలెనో ముందే నిశ్చయించుకొని వెదకినవాడు. శ్వాసను కనిపెట్టుడని యాయన చెప్పిన హితవు మాత్రము నేటికిని మంచిదే. తప్పు, నాడిని చూడ నక్కఱలేదనుటలో నున్నది.

మన వాడకట్టులో వినవచ్చు “నా చేతిలో ఒక్కరికిని హాని కాలేదు” అను మాటను గూర్చియు ఒకటి చెప్పవలెను. 300 మందికి చికిత్స చేసి యొక్కరికిని హాని కలుగకున్నను, నూటికొకరి వఱకు హాని కలుగు నవకాశము ఇంకను మిగిలియే యుండునని గణితజ్ఞులు లెక్కగట్టి చెప్పుదురు. మరదలు రెండుమారులు సుఖముగా లేచుట దీనిముందెంత?

ఇప్పుడు ఒక పరీక్షను బట్టి తీర్పు చెప్పక, ఒకే విషయముపై జరిగిన పరీక్షలన్నిటిని వెదకి, లోపము గలవానిని వేఱుపఱచి, మిగిలినవానిని కలిపి తూచు పద్ధతి యున్నది. ఆర్చిబాల్డు కాక్రేను అను బ్రిటిషు వైద్యుడు 1979లో దీని యావశ్యకతను గట్టిగా వాదించెను. 1993లో ఆయన పేరనే యొక సంస్థ యేర్పడినది. అది ప్రకటించు సారాంశములను ఎవరైనను ఉచితముగా చదువుకొనవచ్చును. అందు నేను మొట్టమొదట చూచునది, పరీక్షింపబడినవారు ఎట్టివారనునదే. పడుచువారిపై జరిగిన పరీక్షఫలము ముదుసలికి వర్తింపకపోవచ్చును. “అపాయము రెట్టింపగును” అను మాట కనబడినప్పుడు, వేయింట ఒకటి రెండైనదో, వేయింట నూఱు రెండువందలైనదో చూడవలెను. భయపెట్టువారు ఈ రెండవ సంగతిని చెప్పరు.

ఇంతయు పెద్దమ్మకు చెప్పలేదు. ప్రశ్న మార్చి యడుగుమని మాత్రము చెప్పితిని. సిద్దిపేటలో మత్తువైద్యురాలిని చూడబోయినప్పుడు, లేస్తనా యని గాక, “నాలెక్క షుగరున్న ముసలోళ్లకు ఎట్లయింది అమ్మా?” అని యామె యడిగినది. వైద్యురాలు కుర్చీ దగ్గఱకు లాగుకొని, పరీక్షాఫలముల కాగితములు చూచి, మెట్లెక్కినప్పుడు ఆయాసము వచ్చునా, ఏ మందులు మ్రింగుచున్నావు, పూర్వమెన్నడైన మత్తు పుచ్చుకొంటివా యని వరుసగా ప్రశ్నించెను. నేడు గుండెలయను తెరపైనను, రక్తములోని ప్రాణవాయువును వ్రేలికి తగిలించు పరికరమునను క్షణక్షణము చూతుమనియు, ఊపిరినిగూడ కనిపెట్టుదుమనియు తెలిపెను. తరువాత నోరు తెఱువుమని, కదలు పండ్లేమైన ఉన్నవా యని యడిగెను.

రెండున్నవని పెద్దమ్మ చెప్పెను. ఆ సంగతి అంతవఱకు మా యింట నెవరికిని తెలియదు.