కొత్త స్టేడియము - పాత అభిమానుల కోరికలు

దేవాలయ మండపములో హరికథ జరుగుచున్నప్పుడు ఆలస్యముగా వచ్చినవానికి దొరకు చోటు సాధారణముగా స్తంభము వెనుకనే ఉండును. భాగవతారు గొంతు వినబడును, చిడతల మ్రోత వినబడును, ఆయన ముఖము మాత్రము కనబడదు. మెడను ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వంచుచు కథ ముగియువరకు గడపవలెను. ఇంగ్లండు దేశములోని లివర్‌పూల్ నగరమున ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానులు కొన్ని తరములపాటు ఇట్లే ఇనుప స్తంభముల వెనుకనుండి తమ జట్టు ఆటను చూచిరి. తాత కూర్చున్న చోటనే మనుమడును కూర్చుండి చూచెను. ఆ క్లబ్బు కొత్త స్టేడియమును కట్టదలచి, "మీకేమి కావలెను?" అని అడిగినప్పుడు వారేమి కోరియుందురు? స్తంభములు లేని స్టేడియమును కోరియుందురని ఎవరైనను చెప్పగలరు. అది నిజమే. కాని దానితోపాటు వారు కోరిన మరియొక వరము ఆ స్తంభముల పుణ్యమున లభించినదే. చిక్కంతయు అక్కడనే ఉన్నది.

ఎవర్టన్ క్లబ్బు 1878లో పుట్టినది. 1888లో ఇంగ్లీషు ఫుట్‌బాల్ లీగును ప్రారంభించిన పన్నెండు క్లబ్బులలో అది యొకటి. మొదట ఆన్‌ఫీల్డు అను మైదానములో ఆడుచుండెడిది. అద్దె విషయమై తగవు వచ్చి, 1892లో ఆ చోటు విడిచి, దగ్గరలోనే గూడిసన్ పార్కు అను సొంత మైదానమును ఏర్పరచుకొనెను. ఖాళీపడిన ఆన్‌ఫీల్డులో ఆడుటకై మరియొక జట్టు వెలసినది. అదియే నేటి లివర్‌పూల్ క్లబ్బు. ఇరుగుపొరుగుల వైరము ఆ నగరములో అట్లు అద్దె తగవుతో మొదలైనది.

గూడిసన్ పార్కు నలుగువైపుల వీధుల మధ్య, వరుస ఇండ్ల నడుమ ఇరుకుకొని యున్న మైదానము. ఒక మూలన సెయింట్ లూక్ చర్చి గోడ దాదాపు గ్యాలరీని తాకుచుండును. 1966 ప్రపంచ కప్పు పోటీలలో ఇక్కడ ఐదు ఆటలు జరిగినవి. ఉత్తర కొరియాపై పోర్చుగల్ ఆటగాడు యూసేబియో నాలుగు గోలులు చేసిన ప్రసిద్ధమైన ఆట ఇక్కడిదే. ఇందలి గ్యాలరీలను రూపొందించినవాడు ఆర్చిబాల్డ్ లీచ్ అను స్కాట్లండు ఇంజనీరు. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధములో బ్రిటనునందలి పేరుగన్న ఫుట్‌బాల్ మైదానములు అనేకము ఆయన చేతిమీదుగా వెలసినవే. పై అంతస్తు ముంగిట ఉక్కు బద్దీలను ఇంటూ గుర్తులవలె ఏటవాలుగా అల్లించుట ఆయన ముద్ర. ఆ అల్లికను చూచినంతనే ఎవర్టన్ అభిమానికి ఇల్లు చేరినట్లుండెడిది.

ఇప్పుడు స్తంభముల సంగతి. లీచ్ పద్ధతిలో పై అంతస్తు క్రింది అంతస్తునకు వెనుకగా కాక, చాలవరకు దాని నెత్తిమీదనే ఉండును. ఆ బరువును మోయుటకు గ్యాలరీ మధ్యన స్తంభములు నిలుపవలసినదే. పైకప్పును మోయుటకు మరికొన్ని. ఫలితముగా కొందరికి గోలు కనబడదు, కొందరికి మూల కనబడదు. కాని పై అంతస్తువారు సయితము మైదానమునకు ఎంతో చేరువగా ఉందురు. ఆటగాని ఊపిరి, బూటు బంతికి తగులు చప్పుడు వారికి వినబడును. స్తంభములు తీసివేసినచో పైకప్పును వెనుకనుండి చేయి చాచినట్లు నిలుపవలెను. పై అంతస్తును వెనుకకు జరుపవలెను. అందరికి అంతయు కనబడును, కాని దూరముగా కనబడును. శాపమును తొలగించినచో వరము కూడ తొలగిపోవు పరిస్థితి యిది.

ఇట్టి ప్రమాదము ఊహ కాదు. లండనులోని వెస్ట్‌హామ్ క్లబ్బు 2016లో తన పాత మైదానమును విడిచి, 2012 ఒలింపిక్ క్రీడలకై కట్టిన స్టేడియమునకు మారినది. అది పరుగుపందెముల బాటకై నిర్మించినది. అందువలన అక్కడ ప్రేక్షకునకు, పచ్చికకు నడుమ ఎడము మిక్కుటము. ఆ అభిమానుల అసంతృప్తిని దేశమంతయు చూచినది. ఎవర్టన్‌వారు కూడ చూచిరి. "మాకు గిన్నెవంటి స్టేడియము వద్దు, నాలుగు గోడల మైదానము కావలెను" అనునది వారి కోరికల సారాంశము. 2018, 2019 సంవత్సరములలో క్లబ్బు రెండు దఫాలుగా ప్రజాభిప్రాయమును సేకరించగా 60 వేలకు పైగా సమాధానములు వచ్చినవి. మొదటి రూపకల్పన చేసిన అమెరికా వాస్తుశిల్పి డాన్ మైస్ అభిమానులతో నేరుగా సంభాషించుచు వచ్చెను.

దూరమును తగ్గించుటకు వాస్తుశిల్పి చేతిలోనున్న ఉపాయము వాలు. మెట్ల వరుస ఎంత నిటారుగా ఉన్నచో చివరి వరుస అంత ముందుకు వచ్చును. దీని వెనుక ఒక చిన్న లెక్క కలదు. వెనుక కూర్చున్నవాని చూపు, ముందున్నవాని కంటికి ఎంత ఎత్తుగా సాగి మైదానపు దగ్గరి అంచును చేరునో ఆ కొలతయే ఆసనము మంచిచెడులను నిర్ణయించును. 9 సెంటీమీటర్లున్నచో బాగుగా కనబడును. 6 సెంటీమీటర్లు కనీసము. ముందువాడు టోపీ పెట్టినను బాధలేకుండ ఉండవలెనన్నచో 15 వరకు కావలెను. తలపాగా చుట్టినవానికి ఎంత కావలెనో ఆ దేశపు ఇంజనీర్లు లెక్క వేసియుండరు! వరుస వెనుకకు పోవుకొలది ఇదే ఎడము నిలువవలెనన్నచో ప్రతి మెట్టును క్రింది మెట్టుకంటె కొంచె మెత్తుగా వేయవలెను. అందుచేతనే మంచి గ్యాలరీ పైకి పోవుకొలది నిక్కుచున్నట్లుండును.

అయితే ఈ నిక్కుటకును హద్దున్నది. ఆసనముల వరుసలకు 35 డిగ్రీలకు మించిన వాలును బ్రిటనులోని భద్రతా సూత్రములు ఒప్పవు. అనగా 10 అడుగులు వెనుకకు పోవునప్పటికి 7 అడుగులు పైకి లేచుట. దాదాపు మన మేడమెట్ల వాలు. అంతకంటె నిటారైనచో తూలినవాడు ఆగడు. కొత్త స్టేడియములో అభిమానులకు ముఖ్యమైన దక్షిణపు గ్యాలరీని దాదాపు ఈ హద్దువరకు తీసికొనిపోయిరి. 13 వేల మంది అక్కడ ఒకే గోడవలె లేచి కనబడుదురు. జర్మనీలోని డార్ట్‌మండు మైదానమున 25 వేల మంది నిలుచుండు దక్షిణపు గ్యాలరీ ఇట్టి కోరికకు ఆదర్శమైనది.

నిలుచుండుట యనుమాటకు ఆ నగరములో ఒక బరువున్నది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డులోని హిల్స్‌బరో మైదానమున, నిలుచుండు భాగములో జరిగిన త్రొక్కిసలాటలో 97 మంది లివర్‌పూల్ అభిమానులు మరణించిరి. వారిలో చాలమంది ఇండ్లలో ఎవర్టన్ వారును ఉండిరి. ఒకే కుటుంబములో అన్న ఒక జట్టు, తమ్ముడొక జట్టు అగుట అక్కడ మామూలు. ఆ దుర్ఘటనపై న్యాయమూర్తి టేలర్ 1990లో ఇచ్చిన తుది నివేదిక ననుసరించి పెద్ద మైదానములలో అందరికి ఆసనములు తప్పనిసరి చేసిరి. ప్రతి వరుసకు ఇనుప కడ్డీ బిగించి, ముందువారిపై వెనుకవారు పడకుండ నిలుచు పద్ధతికి 2022లో గాని అనుమతి రాలేదు. కొత్త గ్యాలరీలో ఇట్టి ఏర్పాటు కలదు. అభిమానులు కోరినది పాత గుంపు కాదు. ప్రాణభయము లేకుండ నిలుచుండు హక్కు.

ఇక శబ్దము. రేడియోలో పనిచేయు నా వంటివానికి ఈ భాగమే మిక్కిలి ఇష్టమైనది. ఆటను ప్రసారము చేయునప్పుడు వ్యాఖ్యాతకు ఒక మైకును, జనఘోషకు వేరొక మైకును పెట్టుదురు. మాటకు మాటకు నడుమ నున్న ఖాళీని ఆ ఘోషయే నింపును. అది లేనప్పుడు ఎట్లుండునో 2020 జూన్ మాసములో తెలిసినది. కరోనా వ్యాధి కారణమున ఖాళీ మైదానములలో ఆటలు సాగగా, ఇంగ్లండులో టెలివిజన్ ప్రసారములకు పూర్వము రికార్డు చేసిన జనుల కేకలను జోడించిరి. ఉప్పు లేని కూరకు రుచి కలిగించుటకై పొడి చల్లినట్లుండెను. గూడిసన్ పార్కులో తక్కువ ఎత్తున వాలియున్న పాత పైకప్పు కేకను పైకి పోనీయక మైదానముమీదికే త్రిప్పి కొట్టెడిది. కొత్త స్టేడియమునకు కూడ పైకప్పును అట్లే ధ్వనిని లోపలికి మరల్చునట్లు రూపొందించిరి. మెర్సీ నది ఒడ్డున గాలి బలముగా వీచును. కప్పు వంపు ఆ గాలికిని అడ్డుపడవలెను, పచ్చికకు ఎండను కూడ రానీయవలెను. మూడు పనులను ఒక్క కప్పు చేయవలెనన్నమాట.

స్థలము విషయమున అభిమానులు పలుమార్లు ఆశపడి భంగపడినవారు. కింగ్స్ డాక్ వద్ద కట్టు ఆలోచన ధనము సమకూరక 2003లో కూలినది. నగరము వెలుపల కర్క్‌బీలో కట్టు ప్రతిపాదనను ప్రభుత్వము 2009లో త్రోసిపుచ్చినది. నగరమును విడువరాదని అభిమానులలో ఒక వర్గము అప్పుడు గట్టిగా పోరాడెను. పిమ్మట వాల్టన్ హాల్ పార్కు ఆలోచనయు 2016లో వీగిపోయెను. చివరకు గూడిసన్‌కు సుమారు రెండు మైళ్ల దూరమున, జెస్సీ హార్ట్‌లీ 1848లో నిర్మించిన బ్రామ్లీ మూర్ డాక్ లభించినది. 2021లో పని మొదలైనది. ఐరిష్ సముద్రపు అడుగునుండి తోడి తెచ్చిన ఇసుకతో ఆ రేవును పూడ్చిరి. పాత రాతిగోడలను పగులగొట్టక ఇసుక క్రిందనే పదిలపరచిరి.

దీనికి చెల్లించిన మూల్యమును మరువరాదు. 2004లో ప్రపంచ వారసత్వ స్థలముగా యునెస్కో గుర్తించిన లివర్‌పూల్ రేవు 2021 జులైలో ఆ గౌరవమును కోల్పోయినది. చూపిన కారణములలో ఈ స్టేడియమును ఒకటి. పాడుపడియున్న రేవునకు ప్రాణము వచ్చినదని నగరవాసులు అందురు. చరిత్ర పూడిపోయినదని మరికొందరందురు. నా మట్టుకు నాకు ఇరువురి మాటలోను సత్యమున్నట్లే తోచుచున్నది. ఉపయోగములేని రేవును కాపాడుటకు ధన మెవరు ఇత్తురను ప్రశ్నకు రెండవ పక్షమువారు తృప్తికరమైన సమాధానము ఇచ్చినట్లు నాకు కనబడలేదు.

అభిమానుల కోరికలలో కొలతలకు అందనిది ఒకటున్నది. తమ చితాభస్మమును గూడిసన్ పచ్చిక అంచున పాతిపెట్టవలెనని ఎందరో కోరిరి. 800 మందికి పైగా అట్లు అక్కడ విశ్రమించిన పిమ్మట, ఇక చోటులేక క్లబ్బు ఆ ఆచారమును నిలిపివేసినది. అట్టి నేలను ఇండ్ల స్థలములుగా మార్చుట ఎట్లు? ఈ బెంగ చాల ఇండ్లలో ఉండెను. 2025 మే మాసమున ఆ క్లబ్బు మహిళల జట్టు గూడిసన్ పార్కును తన మైదానముగా స్వీకరించునని ప్రకటించినప్పుడు అభిమానులు ఊపిరి పీల్చుకొనిరి. మైదానము బ్రతికినది. ఆట మారలేదు, ఆడువారు మారిరి.

తీరని కోరికలును లేకపోలేదు. స్టేడియము పేరు ఒక న్యాయవాద సంస్థ పేరున హిల్ డికిన్సన్ స్టేడియము అయినది. ఇట్టి వ్యయమునకు పేరు అమ్ముకొనక తప్పదు కాబోలు. ధనికుల విందు గదులు పాతదానికంటె ఎన్నో రెట్లు పెరిగినవి. ఇరుకు వీధుల నడుమ, చర్చి మూల వద్ద కలిసికొని నడచివచ్చు అలవాటు నదీతీరమున అట్లే కుదురునా యన్నది కొంత కాలమునకు గాని తేలదు.

గూడిసన్‌లో పురుషుల జట్టు చివరి ఆటను 2025 మే 18న సౌతాంప్టన్‌పై ఆడి 2-0 తేడాతో గెలిచెను. కొత్త స్టేడియములో మొదటి లీగు ఆట అదే సంవత్సరము ఆగస్టు 24న బ్రైటన్‌తో జరిగి, అదియును 2-0 గానే ముగిసినది. గూడిసన్ పార్కు ప్రారంభమైనదియు 1892 ఆగస్టు 24ననే. నాడు వచ్చిన దాదాపు 52 వేల మందిలో ఎవరికిని అడ్డముగా స్తంభము లేదు. లోపలికి పోవుచు గోడను పరికించి చూచినవారికి ఇటుకల పేర్పులో ఏటవాలు గీతలు ఒకదాని నొకటి కోసుకొనుచు కనబడును. లీచ్ ఉక్కు బద్దీలతో అల్లిన ఇంటూ గుర్తులే అవి.